గారపళ్ల నుంచి టూత్‌పేస్ట్ దాకా: ఫ్లోరైడ్ గొడవ వెనకున్న కథ

అమెరికాలోని యూటా రాష్ట్రం 2025 మార్చిలో ఒక చట్టం చేసింది. పళ్లు పుచ్చకుండా ఊళ్ల మంచినీళ్లలో కలిపే ఫ్లోరైడ్‌ని ఇకమీదట కలపకూడదని. ఆ దేశంలో ఇలా నిషేధించిన మొదటి రాష్ట్రం అదే. మే నెలలో ఫ్లోరిడా కూడా అదే దారి పట్టింది. ఈ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి ఇంకో రూపం తీసుకుంది. "అమెరికాలో ఫ్లోరైడ్ బ్యాన్ చేశారు, మీ పిల్లల టూత్‌పేస్ట్‌లో ఉందేమో చూసుకోండి" అని పైన ఒక మాట, కింద కాళ్లు వంకరపోయిన నల్లగొండ మనిషి ఫొటో. చిన్నపిల్లలున్న ఇంట్లో అది చూశాక టెన్షన్ పడకుండా ఎవరుంటారు? పేస్ట్ మార్చేసినవాళ్లు ఉన్నారు, మానేసి ఉప్పూ బొగ్గుపొడీ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

యూటా నల్లా నీళ్లు, నల్లగొండ బోరు నీళ్లు, బాత్రూంలోని పేస్ట్ ట్యూబు, ఈ మూడూ ఒకే మాటతో ముడిపడ్డాయి కాబట్టి ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన భయం ఇది. ఆ ముడి ఎలా పడిందో తెలియాలంటే నూటపాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు కొలరాడో స్ప్రింగ్స్ ఊరికి ప్రాక్టీసుకి వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగిన చాలామంది పిల్లల పళ్లమీద గోధుమరంగు మరకలు కనిపించాయి. కొందరికి అచ్చం చాక్లెట్ పూసినట్టు ఉండేవి. తోమితే పోవు, గీకితే పోవు. ఊళ్లోవాళ్లు అలవాటు పడిపోయారు. మెకే మాత్రం వదల్లేదు. ఆ కాలంలో డెంటల్ పరిశోధనకి పెద్ద పేరైన జి.వి. బ్లాక్‌ని 1909లో అక్కడికి రప్పించాడు. ఆయన 1915లో చనిపోయేదాకా ఇద్దరూ కలిసి పనిచేశారు. వాళ్లకి రెండు సంగతులు తేలాయి. పన్ను చిగురులోంచి బయటికి రాకముందు, పైనుండే పింగాణీ పొర (ఎనామెల్) తయారవుతున్నప్పుడే ఆ మరక పడుతోంది. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాళ్లకి పడదు. రెండోది ఇంకా వింత: మరకపడ్డ ఆ పళ్లు తొందరగా పుచ్చవు.

నీళ్లమీద అనుమానం ఉన్నా, నీళ్లలో ఏముందో దొరకలేదు. 1923లో ఐడహోలోని ఓక్లీ ఊరి తల్లులు మెకేకి ఒక మాట చెప్పారు. కొన్ని మైళ్ల అవతలున్న వేడినీటి ఊట నుంచి పైపు వేశాకే పిల్లల పళ్లు ఇలా అవుతున్నాయని. పరీక్షలో ఏమీ తేలకపోయినా ఆ పైపు మానేయమన్నాడాయన. ఊరు మాట విని వేరే ఊటకి మారింది. కొన్నేళ్లకి కొత్తగా వచ్చిన పళ్లు తెల్లగా వచ్చాయి. సైన్సుకి దొరకని సమాధానం తల్లుల కంటికి ముందే దొరికిందన్నమాట. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

చివరికి 1931లో దొరికింది. ఆర్కన్సాలో బాక్సైట్ అనే ఊరు ఉంది, అల్యూమినియం కంపెనీ ఊరు. అక్కడి పిల్లలకీ ఇవే మరకలు. అల్యూమినియం వల్లే అన్న పేరొస్తుందేమోనని కంపెనీకి భయం పట్టుకుంది. కంపెనీ ముఖ్య రసాయన నిపుణుడు చర్చిల్ ఆ నీళ్లని కొత్త పద్ధతిలో పరీక్షిస్తే లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ బయటపడింది. ఆ తర్వాత ప్రభుత్వ డెంటిస్టు ట్రెండ్లీ డీన్ ఊరూరి నీళ్లనీ ఊరూరి పిల్లల పళ్లనీ పోల్చి లెక్క కట్టాడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మరక దాదాపు కనిపించదు, పుచ్చు మాత్రం బాగా తగ్గుతుంది. మరి ఫ్లోరైడ్ లేని ఊళ్లో మనమే ఆ కొంచెం కలిపితే? 1945 జనవరి 25న మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో కలిపారు, ప్రపంచంలో మొదటిసారి. పదిహేనేళ్లు, దాదాపు 30 వేలమంది బడిపిల్లల్ని చూశారు. కలపడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పుచ్చుపళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి.

అదే 1945లో మన దేశంలో ఒక వ్యాసం అచ్చయింది. హైదరాబాద్ దక్కన్‌లోని నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, పాకి ఉందని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో. అంతకు ముందే 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతం గురించి రాశారు. మన దేశంలో ఈ జబ్బుని మనుషుల్లో మొదట గుర్తించి రాసింది అక్కడే. పళ్లే కాదు, ఎముకలే గట్టిపడి వెన్ను వంగకుండా అయిపోతున్నాయని. అంటే అమెరికా ఒక ఊళ్లో ఫ్లోరైడ్‌ని కొలిచి కలుపుతున్న ఏడాదే, మన ఊళ్లలో అది కొలతా పాడూ లేకుండా నేలలోంచి వస్తోంది.

ఆ నేలది గ్రానైటు రాయి. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, నీళ్లు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత పడుతుంది. బావులు ఎండి బోర్లు లోతుకి వెళ్లినకొద్దీ చాలాచోట్ల సంగతి ఇంకా చెడింది. మండే ఎండలో పొలం పని చేసే మనిషి రోజుకి ఎన్ని లీటర్లు తాగుతాడో చూడండి, అదే నీళ్లతో అన్నం, అదే నీళ్లతో పప్పు. తిండిలో కాల్షియం తక్కువైతే దెబ్బ ఇంకా గట్టిది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు పాత పెళ్లి ఫొటోలు తీసి చూస్తే చాలామంది పెదాలు మూసుకునే నవ్వుతుంటారు. ముందుపళ్లకి అడ్డంగా గోధుమరంగు చారలు, చారల మధ్య సుద్దముక్కలాంటి తెలుపు. దాన్నే అక్కడ గారపళ్లు అంటారు. సంబంధాలు చూసేటప్పుడు ఆ గార ఎంత మాట పడేలా చేసిందో ఆ ఊళ్ల ఆడపిల్లల్ని అడగాలి.

పరిష్కారం వెతకలేదని కాదు. నాగపూర్‌లోని నీరి సంస్థ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, మడ్డి కిందికి దిగాక పైనీళ్లు వంచుకునే పద్ధతి తయారుచేసింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడింది. కానీ బకెట్‌లో పటిక ఎంత వేయాలో నీటిని బట్టి మారుతుంది, దిగిన మడ్డి ఎక్కడ పారబోయాలి, రోజూ ఎవరు చేస్తారు? టెక్నిక్‌కి పేరొచ్చింది, జిల్లాకి నీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్‌ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. మంచినీళ్ల కోసం అలా దేశాన్ని తమవైపు తిప్పుకున్నారు. ఈ జబ్బు బారిన పడి, ఈ పోరాటానికి ముఖంగా నిలిచిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయారు. మిషన్ భగీరథ కింద ఈ మండలాల నల్లాల్లోకి కృష్ణా నీళ్లు వచ్చింది ఆయన బతికుండగానే. వంగిన ఎముకని మాత్రం ఏ నీళ్లూ తిన్నగా చేయలేవు.

ఇప్పుడు అమెరికా గొడవ దగ్గరికి వద్దాం. గ్రాండ్ రాపిడ్స్ తర్వాత పదేళ్లకి ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ బజారుకి వచ్చింది. ఫ్లోరైడ్ ముఖ్యంగా పనిచేసేది కడుపులోకి వెళ్లి కాదని, పంటిపైన ఉండి అని తర్వాత తేలింది. తీపి తిన్నాక నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయి, ఆమ్లం పింగాణీలోని ఖనిజాన్ని కరిగిస్తుంది, ఉమ్మిలో కొంచెం ఫ్లోరైడ్ ఉంటే కరిగింది మళ్లీ గట్టిగా పేరుకుంటుంది. అందరూ పేస్ట్ వాడుతున్న ఈ రోజుల్లో నీళ్లలో కలపడం వల్ల అదనంగా వచ్చే లాభం పాతరోజులకంటే చాలా తక్కువని, వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2024 సమీక్ష చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా జాతీయ విషపదార్థాల కార్యక్రమం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కీ పిల్లల తెలివితేటలు తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని తేల్చింది. అమెరికాలో కలపమనే మోతాదు 0.7. ఆ మోతాదు గురించి చెప్పడానికి ఆధారాలు చాలవని కూడా ఆ నివేదికే అంది. సెప్టెంబరులో ఒక ఫెడరల్ జడ్జి ఈ ముప్పుని పట్టించుకోమని పర్యావరణ సంస్థని ఆదేశించారు. ఆ తర్వాత యూటా. అటువైపు కెనడాలో కాల్గరీ నగరం 2011లో కలపడం మానేసి, పిల్లల పళ్లు పాడవడం చూసి, ఓటు పెట్టి, 2025 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టింది.

1.5 అనే ఆ అంకె మనకి పాత చుట్టమే. మన తాగునీటి ప్రమాణం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటొద్దంటుంది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. మన నల్లాల్లో ఎవరూ ఫ్లోరైడ్ కలపరు కూడా. కాబట్టి యూటా చట్టంతో మనకి పనిలేదు, ఆ నివేదికతో మాత్రం ఉంది. భయపడాల్సింది ఎక్కడైనా ఉంటే అది పైపు పగిలిన వారం రోజులూ జనం మళ్లీ వెళ్లే బోరు దగ్గర, కనిగిరి వైపు ఇంకా బోరే దిక్కైన ఊళ్ల దగ్గర.

పేస్ట్ సంగతి వేరు. మన దేశంలో దానిలో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదని నియమం ఉంది, ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో చూడొచ్చు. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్లదాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ మొత్తం అలలా పరిచేది పిల్లలకి కాదు. పక్కన నిలబడి ఉమ్మేయించాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరైతే ఏ పేస్ట్ అన్నది పళ్ల డాక్టర్‌ని అడిగే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో చాక్లెట్లు, బిస్కెట్లు తిని పాలపళ్లు పుచ్చబెట్టుకుంటున్న పిల్లాడి పేస్ట్ లాగేసుకుంటే నష్టం వాడికే.

పైపంటి వరుసలో మధ్యన ఉండే రెండు పెద్దపళ్లు ఏడేళ్లు నిండే వేళకి దిగుతాయి. వాటి పింగాణీ తయారయ్యేది పుట్టిన మొదటి నాలుగైదేళ్లలోనే. నల్లగొండలో కృష్ణా నీళ్లు నల్లాకి వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు ఆ వయసులోకి వస్తున్నారు. మర్రిగూడ బడుల్లో దంత శిబిరాలు పెట్టేవాళ్లు ముందుగా ఆ రెండు పళ్లూ చూసి, ఊరి పేరుతో సహా రాసిపెట్టాలి. ఓక్లీలో తల్లులు చూసింది అవే పళ్లు.