ఏ వేరు నుంచి?

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వీధి చివరి వేపచెట్టును అడుగెత్తు మోడు మాత్రం మిగిల్చి నరికేశారు. కొన్నాళ్లకే దాని చుట్టూ ఎర్రటి లేత చిగుళ్లు. వాటిని చూస్తే నాకు బృహదారణ్యకోపనిషత్తులోని ఒక ప్రశ్న గుర్తొస్తుంది.

జనకుడి సభలో యాజ్ఞవల్క్యుడు మనిషిని చెట్టుతో పోలుస్తాడు. ఒంటి వెంట్రుకలు ఆకులు, చర్మం బెరడు, కారే నెత్తురు చెట్టు రసం, ఎముకలు చేవ. నరికిన చెట్టు వేరు నుంచి కొత్తగా మొలుస్తుంది కదా, మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి మొలుస్తాడు? విత్తనం నుంచి అనకండి, అది బతికున్నవాడి నుంచే వస్తుంది అని కూడా ముందే చెప్పేస్తాడు. పండితులెవరూ నోరు విప్పలేదు.

చెట్టు సంగతి ఇప్పుడు మనకు తెలుసు. బెరడు కింద కొన్ని మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. కొమ్మల చివర్ల నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ వాటిని లేవనివ్వదు. తల తెగగానే ఆ అదుపు పోతుంది, అవి లేస్తాయి.

జంతువుల విషయం ఇంత తేలిక కాదు. బల్లి తోక మళ్లీ వస్తుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ కొత్త తోకలో వెన్నుపూసలు ఉండవు, వాటి బదులు ఒక మృదులాస్థి గొట్టం ఉంటుంది. మెక్సికో సరస్సుల్లోని, చూడటానికి బల్లిలా ఉండే ఉభయచర జీవి ఆక్సలాటిల్ అలా సరిపెట్టుకోదు. కాలు తెగితే ఎముక, కండరం, నరం, వేళ్లతో సహా మొత్తం కాలు తిరిగి తెచ్చుకుంటుంది.

అదెలాగో చూద్దాం. ముందుగా గాయాన్ని పలచటి చర్మం కప్పేస్తుంది. దాని కింద, ఎముకల మధ్యా కండరాల మధ్యా ఉండే సంయోజక కణజాలంలోని కణాలు అప్పటిదాకా చేస్తున్న పని వదిలేస్తాయి. పిండంలో కాలు మొలిచేటప్పుడు ఎలా ఉండేవో దాదాపు ఆ స్థితికి వెనక్కి వెళ్తాయి. ఇలాంటి కణాలన్నీ, కండరం నుంచి వచ్చిన కణాలతో పాటు చేరి బ్లాస్టిమా అనే చిన్న మొగ్గ అవుతుంది. కాలు అందులోంచే వస్తుంది. ఆ మొగ్గకు నరాలు అందకపోతే పని సాగదు. శరీర రక్షణ వ్యవస్థలోని మాక్రోఫేజ్ కణాలను తొలగించి చూస్తే కాలు రాలేదు, మచ్చ కట్టింది. 2009లో జర్మనీలో శాస్త్రవేత్త ఎల్లీ తనాకా బృందం కణాలకు వెలిగే గుర్తు పెట్టి వెంబడించింది. కండరం నుంచి వచ్చినవి మళ్లీ కండరాన్నే కట్టాయి. అన్నీ కలిసి ఒకే ముద్దలా కనిపిస్తున్నా, తాము ఎక్కడి నుంచి వచ్చామో అవి మరిచిపోలేదు. ఈ విషయం మొదటిసారి చదివిన రోజు నాకు చాలాసేపు వేరే ఏదీ తోచలేదు.

ఎందుకంటే, మనిషి కొత్తగా పుట్టడం గురించి మాట్లాడిన సంప్రదాయాలు కూడా గర్భం దగ్గరికే వెళ్లాయి. ఉపనయనం చేసే ఆచార్యుడు శిష్యుణ్ణి మూడు రాత్రులు తన గర్భంలో మోస్తాడని అథర్వవేదం అంటుంది. రెండోసారి పుట్టినవాడు ద్విజుడు. సంస్కృతంలో పక్షికీ, పంటికీ కూడా అదే పేరు. యోహాను సువార్తలో క్రొత్తగా జన్మించాలన్న యేసు మాటకు నీకొదేము అనే యూదు పెద్ద, ముసలివాడు మళ్లీ తల్లి గర్భంలోకి ఎలా వెళ్తాడని అడుగుతాడు. పోలిక రుజువు కాదు, నిజమే. కణానికి పశ్చాత్తాపం ఉండదు, సాధన ఉండదు. అయినా పెద్దయ్యాక అలవాటైన పనిని, హోదాను పక్కన పెట్టి మళ్లీ లేతగా అవడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. అలా లేతబడ్డా తానెవరో మరిచిపోకుండా ఉండటం ఇంకా కష్టం. ఆక్సలాటిల్ కాలులో ఆ రెండూ జరుగుతున్నాయి.

మరి మన శరీరం? గాయమైతే మనకు తొందర. నెత్తురు ఆగాలి, క్రిములు చొరబడకూడదు. అందుకని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులతో గబగబా పూడ్చేస్తుంది. అదే మచ్చ. దాన్ని తక్కువ చేయలేం, అది ప్రాణం కాపాడింది. కాలేయం మాత్రం వేరే దారి పట్టింది. సగానికి పైగా తీసేసినా, మిగిలిన భాగంలోని కణాలు తమ పని చేస్తూనే విభజన చెంది, కొన్ని నెలల్లో దాదాపు పాత బరువుకు చేరుస్తాయి. కోసేసిన భాగం అదే ఆకారంలో తిరిగి రాదు, ఉన్నదే పెరుగుతుంది.

కాలేయం దానం చేసినవాళ్లను చూడండి. లోపల ఇచ్చిన భాగం లోటు ఏడాది తిరక్కుండానే చాలావరకు పూడిపోతుంది. పొట్ట మీద కోత పెట్టిన చోట మచ్చ మాత్రం జీవితాంతం ఉండిపోతుంది.