చల్లగా తినే విందు: మెతుకు నుంచి ఐసు దాకా

కొన్నేళ్ళ క్రితం ఒక మే నెలలో, తార్నాకలోని మా మేడ మీద ఇరవై అయిదు మందికి రాత్రి భోజనం పెట్టవలసి వచ్చింది. హైదరాబాదులో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతున్న రోజులవి. ఆ వేడిలో పొగలు కక్కే బిర్యానీ ఎందుకని, అన్నీ చల్లని వంటలే పెట్టాలని నిశ్చయించుకుని, ముందురోజు రాత్రి నెయ్యి వేసి వండిన కూరగాయల పులావును లోతైన గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టాను. అర్ధరాత్రి మూత తీసి గరిటె దించితే నడిమి భాగం ఇంకా గోరువెచ్చగానే ఉంది. తెల్లవారేసరికి పై మెతుకులు పలుకులు పలుకులుగా గట్టిపడ్డాయి. వాటి చుట్టూ నెయ్యి తెల్లగా పేరుకుంది. నోట్లో వేసుకుంటే ఉప్పూ తెలియలేదు, యాలకుల వాసనా తెలియలేదు. దానిని అతిథులకు పెట్టలేదు కానీ, ఒకే గిన్నెలో ఇన్ని ఎందుకు చెడ్డాయో తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం ఆ రోజే మొదలైంది.

తెలిసినదేమిటంటే, వేడిగా తినడానికి వండినదాన్ని చల్లార్చినంత మాత్రాన అది చల్లని వంటకం కాదు. చల్లగా తినే వంటకాన్ని బియ్యం కడిగేటప్పటి నుంచే వేరుగా ఆలోచించాలి.

ముందుగా మెతుకు సంగతి. బియ్యంలోని పిండిపదార్థం ప్రధానంగా రెండు రకాల అణువులతో ఏర్పడుతుంది: పొడవాటి దారంలాంటి అమైలోజ్, కొమ్మలు కొమ్మలుగా చీలిన అమైలోపెక్టిన్. ఉడికేటప్పుడు ఇవి నీటిని పీల్చుకుని, తమ బిగువైన అమరికను వదులుకుని, మెత్తబడతాయి. చల్లారుతున్నకొద్దీ ఆ దారాలు మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి చేరి స్ఫటికాల్లా బిగుసుకుంటూ, తమలోని నీటిని బయటికి నెడతాయి. దీనిని రెట్రోగ్రెడేషన్ అంటారు. అమైలోజ్ కొన్ని గంటల్లోనే బిగుస్తుంది. అమైలోపెక్టిన్‌కు రోజులు పడుతుంది. ఈ మార్పు అత్యంత వేగంగా జరిగేది గడ్డకట్టే స్థితికి కొంచెం పైన, దాదాపు 4 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా మన ఫ్రిజ్ ఉండే ఉష్ణోగ్రతలోనే. పొడిపొడిగా రావాలని మనం ఏరికోరి తెచ్చుకునే బాస్మతిలో అమైలోజ్ పాలు తక్కువేమీ కాదు కాబట్టి, చల్లటి పులావు పలుకులుగా మారడంలో వింత లేదు. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అని పిలుచుకునే సన్నబియ్యం, కొంచెం ఎక్కువ నీటితో మెత్తగా వండితే ఈ పనికి బాగా నప్పుతుందని నా అనుభవం.

అన్నం బిగుసుకోకుండా చేసే ఉపాయాలు మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. దద్దోజనానికి అన్నాన్ని వేడి మీదనే మెదిపి పాలు పోస్తాము. మెతుకు వదిలే నీటి కంటే ఎక్కువ తడి చుట్టూ ఉంటుంది కనుక, గంటలు గడిచినా ముద్ద మెత్తగానే నిలుస్తుంది. చద్దన్నాన్ని నీటిలోనో మజ్జిగలోనో నానబెట్టడంలోని కిటుకు కూడా ఇదే. పులిహోరకు వేడి అన్నాన్ని తాంబాళంలో ఆరబోసి, నువ్వుల నూనె, పసుపు చల్లి కలుపుతాము. ఆ నూనె మెతుకులను విడివిడిగా ఉంచుతుంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు కొన్ని అమైలోజ్ దారాలతో కూడుకుని వాటి బిగింపును కొంతవరకు ఆపుతాయి కూడా. పులిహోరను ఫ్రిజ్‌లో పెట్టకపోవడం అలవాటు మాత్రమే కాదు, దాని రుచికి అది అవసరం.

ఇక్కడ నూనె ఎంపికకు కూడా కారణం ఉంది. నెయ్యి 30 డిగ్రీలకు పైన కరుగుతుంది, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నువ్వుల నూనె ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు. వేటమాంసపు కొవ్వు 40 డిగ్రీలు దాటితే గాని పూర్తిగా కరగదు. అంటే నోటి వేడి కూడా దానికి చాలదు. మన నగరానికి పేరు తెచ్చిన బిర్యానీ, హలీమ్ రెండూ వేడిగా ఉన్నప్పుడే వాటి గొప్పతనం చూపేది ఇందుకే. మాంసం తప్పనిసరి అనుకుంటే, చర్మం తీసి పెరుగు, అల్లం, వెల్లుల్లి పట్టించి కాల్చిన కోడి మాంసాన్ని పీచులుగా విడదీసి పెట్టడమే మేలు.

రుచి మాటకొస్తే, నాలుక కూడా ఉష్ణోగ్రతను బట్టే పనిచేస్తుంది. తీపి, చేదు, మాంసపు రసంలో ఉండే ఉమామి రుచులను మెదడుకు చేరవేయడంలో టీఆర్‌పీఎమ్5 అనే ప్రోటీన్ ద్వారానికి ముఖ్యపాత్ర ఉంది. 15 నుంచి 35 డిగ్రీల వరకు వేడి పెరిగేకొద్దీ ఈ ద్వారం మరింత బాగా తెరుచుకుంటుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ వెగటు పుట్టేంత తియ్యగా ఉండడానికి ఇదొక కారణం. పులుపు, ఉప్పు ఈ దారిలో నడవవు కాబట్టి, చల్లదనంలోనూ పులుపు పులుపుగానే నిలుస్తుంది. కారం కథ వేరు. మిరపలోని క్యాప్సైసిన్ తగిలే గ్రాహకం టీఆర్‌పీవీ1, మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడిని గుర్తించే గ్రాహకమే. దానిని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుచేత అదే పచ్చిమిర్చి వేడి కూరలో మండినంతగా చల్లని పెరుగులో మండదు. వాసన సంగతి ఇంకా స్పష్టం: చల్లదనంలో సువాసననిచ్చే అణువులు గాలిలోకి తక్కువగా లేస్తాయి. కనుక ఇంగువ, కరివేపాకు, ఆవాల తాళింపును ముందురోజే పెట్టి ఫ్రిజ్‌లో తోసేస్తే సగం వృథా. వడ్డించే ముందు నూనె కాచి, చిటపటలాడుతుండగా పైన పోయాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఆరోగ్యం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో సాధారణంగానే ఉంటుంది; దాని సిద్ధబీజాలు, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే విత్తనాల్లాంటి రూపాలు, అన్నం ఉడికే వేడికి చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి; ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారాన్ని ఎక్కువసేపు ఉంచరాదని ఆహార భద్రతా నియమాలు చెప్పేది ఇలాంటి వాటి గురించే. తొందరగా పాడయ్యే పదార్థాలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు; గాలి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో మన సాయంత్రాలు చాలామట్టుకు ఆ గంట లెక్కలోకే వస్తాయి.

పులిహోర ప్రయాణాల్లో ఎందుకు నిలుస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం మెతుకు లోపలికి ఇంకితే బ్యాక్టీరియా పెరుగుదల బాగా మందగిస్తుంది. "వేడి అన్నానికే పులుపు పడుతుందమ్మా, చల్లారాక కలిపితే పైనే ఉంటుంది" అని మా అత్తయ్య ఎప్పుడూ అంటుండేది. ఆమె మాట అక్షరాలా నిజం: వేడిలో పులుపు లోపలికి త్వరగా వ్యాపిస్తుంది, మెతుకు ఇంకా బిగుసుకోలేదు కనుక దారి కూడా ఇస్తుంది. అయితే ఈ కాలంలో పిల్లల కోసమని పేరుకు మాత్రమే పులుపు వేసిన పులిహోరకు ఈ రక్షణ ఉండదు. దానిని మామూలు అన్నంలాగే చూడాలి.

చల్లార్చడంలో నేను చేసిన తప్పు లోతుది. ఒక ముద్ద నడిబొడ్డు నుంచి వేడి బయటికి రావడానికి పట్టే కాలం దాని మందానికి వర్గంగా పెరుగుతుంది. పది సెంటీమీటర్ల లోతున ఉన్న అన్నాన్ని అయిదు సెంటీమీటర్లకు పరిస్తే కాలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే అన్నాన్ని వెడల్పాటి పళ్ళాల్లో రెండంగుళాలకు మించకుండా పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోనిచ్చి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఈ లెక్కలన్నీ చూసుకుని మరుసటి వేసవిలో వేసుకున్న పట్టిక ఇలా కుదిరింది. ఇరవై అయిదు మందికి తలకు వంద గ్రాముల చొప్పున రెండున్నర కిలోల బియ్యం. అందులో ఒకటిన్నర కిలో పులిహోరకు, కిలో దద్దోజనానికి. రెండూ మెత్తనివే కనుక పళ్ళకు పని చెప్పేందుకు కాబూలీ సెనగలు, అలసందలు ఉడికించి, మామిడికాయ ముక్కలు, కీరా, కొత్తిమీర కలిపిన గుగ్గిళ్ళు. పప్పుగింజలు చల్లారితే కాస్త గట్టిపడినా, గుగ్గిళ్ళకు ఆ గట్టిదనమే అందం. కీరాకు ఉప్పు ముందే వేస్తే ద్రవాభిసరణం వల్ల నీరంతా కారి గిన్నె అడుగుకు చేరుతుంది. అందుకని ఉప్పు, నిమ్మరసం చివరి నిమిషంలోనే పడ్డాయి. వేరుసెనగపప్పు కూడా అంతే, తడి అన్నంలో గంటసేపు ఉంటే కరకరమనదు. వీటితో పాటు పెరుగువడలు, మాంసాహారులకు పైన చెప్పిన కోడి పీచులు. పులిహోర సాయంత్రం నాలుగు గంటలకు కలిపాను. దద్దోజనాన్ని మధ్యాహ్నమే, అన్నం గోరువెచ్చగా అయ్యాక, ఎక్కువ పాలు, కొద్దిగా పెరుగు వేసి కలిపి, గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాను. తినేవేళకు పులుపు సరిపోయింది, ముద్ద తియ్యతియ్యగా కూడా ఉంది.

మేడ మీద ఫ్రిజ్ లేదు కాబట్టి ఐసు కావాలి. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ గుప్తోష్ణం పీల్చుకుంటుంది. అయిదు కిలోల దద్దోజనాన్ని 30 డిగ్రీల నుంచి 10కి దించడానికి కావలసింది ఇంచుమించు అంతే. కానీ ఆ సాయంత్రపు గాలి కూడా ఐసును కరిగిస్తూనే ఉంటుంది కనుక, ముందే ఫ్రిజ్‌లో చల్లబరచిన గిన్నెకు కూడా మూడు కిలోలు పెట్టుకున్నాను. వెడల్పాటి బేసిన్‌లో ఐసు పోసి, అందులో గిన్నె కూర్చోబెట్టి, కొంచెం నీళ్ళు చల్లాలి. విడి ఐసుముక్కల మధ్య గాలి ఉంటుంది, నీరు ఉంటే గిన్నె గోడకు చల్లదనం పూర్తిగా అందుతుంది.

కోడి మాంసాన్ని ఒకేసారి బయట పెట్టలేదు. ఏడున్నరకు సగం, ఎనిమిదిన్నరకు శుభ్రమైన వేరే పళ్ళెంలో మిగతా సగం వచ్చింది. పాత పళ్ళెంలో మిగిలినదాన్ని కొత్తదానిలో కలపలేదు, మనసు ఒప్పకపోయినా పారవేశాను. పులిహోర మాత్రం మర్నాడు పొద్దున్న ఫలహారానికి రెండు పళ్ళాలు మిగిలింది.