విమానాలకు ఆజ్ఞ ఇచ్చేది ఎవరు? థియేటర్ కమాండ్ల తగవుకు మూలం కార్గిల్‌లో ఉంది

ఒక ప్రాంతంలోని ఆర్మీ, నేవీ, వాయుసేన బలగాలన్నిటినీ ఒకే కమాండర్ కింద పెట్టాలనే థియేటర్ కమాండ్ల వివాదం మళ్లీ రాజుకుంది. 2025 ఆగస్టు చివరి వారంలో మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న ఆర్మీ వార్ కాలేజీలో జరిగిన 'రణ్ సంవాద్' సదస్సులో వాయుసేనాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఏ.పి. సింగ్ ఈ విషయంలో తొందర వద్దని బాహాటంగానే చెప్పారు. ఉన్న ఏర్పాటును ఇప్పుడు కదిలించడం మంచిది కాదని, ఇతర దేశాల నమూనాను చూసి మనమూ అలాగే చేయనక్కర్లేదని, ఢిల్లీలో దళాధిపతుల కమిటీ కింద ఉమ్మడి ప్రణాళిక, సమన్వయ కేంద్రం పెట్టుకుంటే చాలని ఆయన వాదన. మర్నాడే అదే వేదిక మీద నౌకాదళాధిపతి అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి థియేటర్ల దిశగానే మాట్లాడారు. త్రిదళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) జనరల్ అనిల్ చౌహాన్ సదస్సు ముగింపులో, మా మధ్య భిన్న స్వరాలు వినిపించి ఉంటే దేశ ప్రయోజనం చూసుకుని పరిష్కరించుకుంటాం అన్న అర్థంలో సర్దిచెప్పారు. యూనిఫాంలో ఉన్నవాళ్లు జనం ముందు ఇంతగా విభేదించడం మన దగ్గర అరుదు.

1962లో యుద్ధ విమానాలను దాడులకు వాడకపోవడం, 1971లో మానెక్‌షా నాయకత్వంలో మూడు దళాలూ కలిసి గెలవడం అందరికీ తెలిసిన కథలే. వాటిని రెండు పక్షాలూ తమకు అనుకూలంగా వాడుకుంటాయి. నేటి తగవు అర్థం కావాలంటే చూడాల్సింది 1999 మే నెలను.

ఆ నెల మొదట్లో కార్గిల్ కొండల మీద చొరబాటుదారుల జాడ బయటపడింది. రెండో వారానికల్లా ఆర్మీ స్థానిక స్థాయిలో వాయుసేనను దాడి హెలికాప్టర్లు అడిగింది. వాయుసేన రెండు కారణాలు చెప్పి ఆగింది. ఒకటి, ఎంఐ-25, ఎంఐ-35 హెలికాప్టర్లు అంత ఎత్తులో పనిచేయలేవు. రెండు, నియంత్రణ రేఖ దగ్గర వాయుశక్తిని దింపితే గొడవ స్థాయి మారిపోతుంది కాబట్టి ప్రభుత్వ అనుమతి ఉండాలి. అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ వి.పి. మాలిక్ ఆ రోజుల్లో విదేశీ పర్యటనలో ఉన్నారు. ఆయన తిరిగొచ్చాకే దళాధిపతుల మధ్య మాట కుదిరింది. మే 25న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఒప్పుకుంది. రేఖ మాత్రం దాటొద్దంది. మే 26న వాయుసేన ఆపరేషన్ 'సఫేద్ సాగర్' మొదలైంది.

ఆ తర్వాత మూడు రోజుల్లో జరిగిందే వాయుసేన ఇప్పటికీ మరచిపోనిది. 27న ఒక మిగ్-27, ఒక మిగ్-21 పోయాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత పట్టుబడ్డారు, స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా ప్రాణాలు కోల్పోయారు. 28న తోలోలింగ్ దగ్గర ఎంఐ-17 హెలికాప్టర్‌ను భుజం మీద నుంచి పేల్చే క్షిపణి కూల్చేసింది. అందులోని నలుగురూ చనిపోయారు. హెలికాప్టర్లను దాడులకు పంపడం అక్కడితో ఆపేశారు.

అక్కడి నుంచి వాయుసేన తన పద్ధతిలో తాను యుద్ధం చేసింది. క్షిపణులకు అందని ఎత్తు నుంచి దాడులు, మిరాజ్-2000లు, లేజర్ గైడెడ్ బాంబులు. జూన్ 17న ముంథో ఢాలోలోని శత్రువు సరఫరా స్థావరం ధ్వంసమైంది. 24న టైగర్ హిల్ మీద దెబ్బ పడింది. అప్పటి వాయుసేనాధిపతి టిప్నిస్ పదవీ విరమణ తర్వాత తన వైపు కథ రాశారు. ఆర్మీ మొదట్లో పరిస్థితి తీవ్రతను పూర్తిగా చెప్పలేదని, ఉమ్మడిగా ఆలోచిద్దామనకుండా నేరుగా హెలికాప్టర్లు పంపమందని ఆయన ఫిర్యాదు. మాలిక్ దాన్ని ఒప్పుకోలేదు. పైన కొండ మీద మనుషులు చనిపోతుంటే కింద ఫైళ్లు నడిచాయన్నది ఆర్మీ బాధ.

ఇద్దరికీ దొరికిన పాఠాలు వేరు. ఆ సెక్టార్‌లో విమానాలకూ సైనికులకూ ఒకే కమాండర్ ఉండుంటే రెండు వారాల వాదులాట ఉండేది కాదని ఆర్మీ అనుకుంది. ఆ ఒకే కమాండర్ ఆర్మీ జనరలే అయ్యుంటే మే రెండో వారంలోనే హెలికాప్టర్లను ఆ కొండల మీదికి పంపేవాడని, 28న పోయిన నలుగురి స్థానంలో ఇంకెందరో పోయేవారని వాయుసేన అనుకుంది. హెలికాప్టర్ల విషయంలో వాయుసేన హెచ్చరిక నిజమైందన్నది మాత్రం రికార్డులో ఉన్న సంగతి.

కార్గిల్ తర్వాత ఆ యుద్ధాన్ని సమీక్షించడానికి కె. సుబ్రహ్మణ్యం కమిటీ వచ్చింది. దాని వెనకే అద్వానీ నాయకత్వంలో మంత్రుల బృందం వచ్చింది. 2001లో ఆ బృందం త్రిదళాధిపతి పదవి కావాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం మిగతావి చాలావరకు ఒప్పుకుని, ఆ ఒక్కదాన్ని పార్టీలతో మాట్లాడాలంటూ పక్కన పెట్టింది. ఉమ్మడి రక్షణ సిబ్బంది ప్రధాన కార్యాలయం పుట్టింది, దానికి తలగా ఉండాల్సిన త్రిదళాధిపతిని మాత్రం పెట్టలేదు. 2012లో నరేశ్ చంద్ర కమిటీ, 2016లో షేకట్కర్ కమిటీ దాదాపు అదే చెప్పి వెళ్లాయి.

2001లో నిజంగా పుట్టిన ఉమ్మడి కమాండ్ ఒక్కటే: పోర్ట్ బ్లెయిర్‌లో అండమాన్ నికోబార్ కమాండ్. మూడు దళాల బలగాలూ ఒకే అధికారి కింద పనిచేసే మన మొదటి థియేటర్ ఇదే. థియేటర్లు కావాలనేవాళ్లు దీన్ని చూపిస్తారు. ఆ అనుభవం మాత్రం అంత ఊరించేలా లేదు. కమాండర్‌కు ఆజ్ఞాపించే హక్కు ఇచ్చారు. ఆజ్ఞ మీరితే ఏం చేయాలన్నది తేల్చలేదు. ఆర్మీ జవానుకు ఆర్మీ చట్టం, వాయుసేన సిబ్బందికి వాయుసేన చట్టం, నావికుడికి నేవీ చట్టం. తప్పు చేసిన వేరే దళం వ్యక్తిని క్రమశిక్షణ చర్య కోసం అతని మాతృదళానికి తిప్పి పంపాల్సి వచ్చేది. దళాలు తమ మంచి సరుకును అక్కడికి వదలడానికీ ఇష్టపడలేదు. శాశ్వతంగా ఒక ఫైటర్ స్క్వాడ్రన్ లేకుండానే ఏళ్లు గడిచాయి. హిందూ మహాసముద్రం కోసమని బ్రహ్మోస్ మోయగల సుఖోయ్‌లను 2020లో తంజావూరులో పెట్టినప్పుడు కూడా అవి వాయుసేన దక్షిణ కమాండ్ కిందే ఉన్నాయి.

క్రమశిక్షణ చిక్కుకు మందు 2023లో వచ్చింది. ఉమ్మడి సంస్థల కమాండర్లకు అన్ని దళాల సిబ్బందిపై అధికారమిచ్చే చట్టాన్ని పార్లమెంటు ఆ ఆగస్టులో ఆమోదించింది. అది 2024 మే 10న అమల్లోకి వచ్చింది. నిబంధనలు మరుసటి ఏడాది మే నెలలో వచ్చాయి. అంటే ఉమ్మడి కమాండ్ పెట్టాక దానికి కావాల్సిన చట్టం రావడానికి ఇరవై ఏళ్లు దాటింది!

త్రిదళాధిపతిగా 2020 జనవరి 1న బాధ్యతలు తీసుకున్న బిపిన్ రావత్ పని వేగంగా నడిపించారు. 2021 జులైలో ఒక చర్చావేదికలో, ఫిరంగి దళం, ఇంజినీర్ల లాగే వాయుసేన కూడా సాయుధ దళాలకు తోడ్పడే విభాగమేనన్నారు. అదే కార్యక్రమంలో అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా తమది కేవలం తోడ్పాటు పాత్ర కాదని జవాబిచ్చారు. వాయుసేన వాళ్లకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. సైన్యం పరిభాషలో ఒక యూనిట్ 'అండర్ కమాండ్' ఉంటే దాన్ని ఎక్కడికి పంపాలన్నది స్థానిక కమాండర్ ఇష్టం. 'ఇన్ సపోర్ట్' ఉంటే అడిగినప్పుడు సాయం చేస్తుంది, పగ్గాలు మాత్రం సొంత పెద్దల చేతిలోనే ఉంటాయి. వాయుసేన కాపాడుకోవాలనుకుంటున్నది సరిగ్గా ఈ రెండో ఏర్పాటునే. రావత్ నోటి నుంచి అది చిన్నచూపులా వచ్చింది, అంతే. ఆ డిసెంబరులో కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయారు. ఆ పదవి తొమ్మిది నెలలకు పైగా ఖాళీగా ఉండిపోయింది.

వాయుసేన ఇప్పుడు చెప్పే లెక్క చూస్తే దాని పట్టుదల కొంత అర్థమవుతుంది. మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరులో మిగ్-21లు వెళ్లిపోయాక మిగిలినవి 29. గాల్లోంచి శత్రువును కనిపెట్టే ఫాల్కన్ విమానాలు మూడు, గాల్లోనే ఇంధనం నింపే ఐఎల్-78లు ఆరు. పాకిస్తాన్ వైపు ఒక థియేటర్, చైనా వైపు ఒకటి, సముద్రం మీద ఒకటి పెడితే వీటిని ఎలా పంచుతారు? గ్వాలియర్‌లోని మిరాజ్‌లు ఈరోజు పశ్చిమాన, రేపు ఉత్తరాన పోరాడగలవు. వాటిని ఒక థియేటర్‌కు కట్టేస్తే రెండోదానికి దక్కవు. కట్టకుండా ఢిల్లీలోనే ఉంచితే థియేటర్ కమాండర్‌కు సొంత విమానాలే ఉండవు.

థియేటర్లు కావాలనేవాళ్ల వాదనలోనూ బలముంది. ఇప్పుడు మనకున్న ఒకే దళపు కమాండ్లు 17: ఆర్మీకి ఏడు, వాయుసేనకు ఏడు, నేవీకి మూడు. తూర్పున ఆర్మీ కమాండ్ కోల్‌కతాలో, వాయుసేనది షిల్లాంగ్‌లో, నౌకాదళానిది విశాఖపట్నంలో. ముగ్గురు కమాండర్లు, మూడు వేర్వేరు సరిహద్దు గీతలు. యుద్ధం వస్తే వాళ్లు ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకోవాలి, లేదా ఢిల్లీ మాట కోసం చూడాలి. 1987లో శ్రీలంకకు శాంతి సేనను పంపినప్పుడు ఇదే జరిగింది. సికింద్రాబాద్ నుంచి 54వ పదాతి డివిజన్ జాఫ్నా వెళ్లింది. మొత్తం దళానికి అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ దేపిందర్ సింగ్‌కు నేవీ, వాయుసేన బలగాలపై పూర్తి పెత్తనం దక్కలేదు.

ఆపరేషన్ సిందూర్‌ను రెండు పక్షాలూ సాక్ష్యంగా తెచ్చుకుంటున్నాయి. 2025 మే 7 నుంచి 10 వరకు జరిగిన ఆ పోరులో వాయుసేన గగన రక్షణ నియంత్రణ వ్యవస్థ, ఆర్మీ గగన రక్షణ వ్యవస్థ 'ఆకాశ్‌తీర్' అనుసంధానమై పనిచేశాయి. దళాల నిర్మాణం మారకుండానే వ్యవస్థలు కలిశాయని వాయుసేన అంటుంది. అలా కలిసినందుకే ఇక కమాండ్ కూడా కలపాలని థియేటర్లు కావాలనేవాళ్లు అంటున్నారు. నాలుగు రోజుల పోరు నుంచి నెలల తరబడి సాగే యుద్ధానికి పాఠం లాగడం రెండు వైపులా సాహసమే.

అసలు ముడి ఇంకొకటుంది, దాని గురించి బయట పెద్దగా మాట్లాడరు. 1955లో కమాండర్ ఇన్ చీఫ్ హోదా తీసేసి దళాధిపతులను చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లుగా మార్చారు. పేరు మారింది కానీ తమ దళాన్ని యుద్ధంలో నడిపే పని వాళ్ల దగ్గరే ఉండిపోయింది. థియేటర్లు వస్తే ఆ పని పోతుంది. బలగాలను తయారుచేసి, శిక్షణ ఇచ్చి, సరఫరా చూసుకోవడమే మిగులుతుంది. మరి థియేటర్ కమాండర్ ఎవరికి జవాబు చెప్పాలి? త్రిదళాధిపతికి అందామంటే, 2019 డిసెంబరులో ఆ పదవిని సృష్టించినప్పుడు ప్రభుత్వం, దళాధిపతుల మీద సహా ఆయనకు ఎలాంటి సైనిక కమాండ్ ఉండదని స్పష్టంగా ప్రకటించింది. దళాధిపతుల కమిటీకి అందామంటే, 1999 మేలో మాట కుదరక రోజులు గడిపింది ఆ కమిటీయే. రక్షణ మంత్రికి నేరుగా అందామంటే, తుది సైనిక సలహా ఎవరిదన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.