మార్షాన్ ఫషోడా యాత్ర: అపోహలు – వాస్తవాలు

జాన్ బాప్తిస్త్ మార్షాన్ (1863–1934) అనే ఫ్రెంచి కెప్టెన్ 1896లో ఆఫ్రికా పడమటి తీరాన దిగాడు. ఖండాన్ని అడ్డంగా దాటి, 1898 జులై 10న నైలు ఒడ్డున ఫషోడాలో (ఇప్పటి దక్షిణ సూడాన్) ఫ్రెంచి జెండా ఎగరేశాడు. ఆ జెండా కోసం బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం అంచు దాకా వెళ్లాయి. ఈ కథని ఇప్పటికీ సాహసం, జెండా, పౌరుషం అనే మూడు ముక్కల్లోనే చెబుతున్నారు. యాత్ర వివరాలు దగ్గర పెట్టుకుని చూస్తే కనబడేవి వేరు: నదిలో నీళ్లెంత ఉన్నాయి, బరువులు ఎవరు మోశారు. యాత్రలో ప్రతి మలుపునూ తేల్చింది ఈ రెండే.

అపోహ: అతను దొరల ఇంటి బిడ్డ, సరదాకి అన్వేషణకి బయల్దేరాడు.

వాస్తవం: తువాసే అనే చిన్న ఊళ్లో వడ్రంగి కొడుకు. నోటరీ దగ్గర గుమాస్తాగా పనిచేసి, 1883లో మామూలు సిపాయిగా నౌకా పదాతిదళంలో చేరాడు. 1887లో అధికారి అయ్యాడు. పశ్చిమాఫ్రికా దండయాత్రల్లో పోరాడాడు, 1891లో డియెనా కోట ముట్టడిలో గాయపడ్డాడు. ఆ తర్వాత ఐవరీ కోస్టు లోపలి దారులు వెతికాడు. ఆ రోజుల్లో దారి వెతకడం, ఊరు పట్టుకోవడం ఒకే మనిషి చేసే ఒకే ఉద్యోగం. అతన్ని 'అన్వేషకుడు' అని మాత్రమే రాస్తే సగం దాచినట్టే.

అపోహ: ఎనిమిది, తొమ్మిదిమంది ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా దాటారు.

వాస్తవం: ఇది అన్నిటికంటే పెద్ద అబద్ధం, కాబట్టి కొంచెం వివరంగా.

పడమటి తీరాన లొవాంగో రేవు నుంచి కాంగో నది ఒడ్డున ఉన్న బ్రజావిల్ దాకా 500 కిలోమీటర్లకి పైగా కొండలూ అడవీ. ఫ్రెంచివాళ్ల వైపు రైలు లేదు. వాళ్ల కాంగో–ఓషన్ రైలుమార్గం పూర్తయింది 1934లో. ఎడ్లూ గుర్రాలూ పనికిరావు, సెట్సీ ఈగ కుడితే రోగమొచ్చి చస్తాయి. మిగిలింది మనిషి తల. ఆ దారిలో ఒక్కో మూట సుమారు 30 కిలోలు. ఒక టన్ను సామాను కదలాలంటే 33 మంది కావాలి, వాళ్లందరికీ దారి పొడవునా తిండి పెట్టాలి. మార్షాన్ సామాను పదుల టన్నులు: తూటాలు, బియ్యం, పడవల భాగాలు, దారిలో తిండి కొనడానికి గుడ్డ థాన్లూ పూసలూ.

మోతకి జనం దొరకలేదు. దారి పక్క ఊళ్ల మీద అప్పటికే కూలి భారం ఎక్కువై తిరుగుబాటు రాజుకుంది. మార్షాన్ ఆ దారి మీద సైనిక అధికారం చేతికి తీసుకున్నాడు. ఊళ్లు తగలబడ్డాయి. తిరుగుబాటు నాయకుడు మబియాలా మ న్గాంగాని దాక్కున్న గుహలోనే చంపారు. పట్టుకొచ్చిన మనుషుల చేత మూటలు ఎత్తించారు. 1896 జులైలో తీరంలో దిగిన మార్షాన్, బ్రజావిల్ నుంచి నది మీద పైకి బయల్దేరింది 1897 మార్చిలో. మొదటి అంచెకే ఏడెనిమిది నెలలు పట్టింది.

మంజాన్, బరాతియే, జెర్మాన్, లార్జో, డాక్టర్ ఎమిలీ వంటి అధికారుల పేర్లు అందరూ రాస్తారు. వాళ్ల వెనక సుమారు 150 మంది పశ్చిమాఫ్రికా సిపాయిలున్నారు. 'సెనెగలీ తిరాయర్లు' అని పిలిచేవారు కానీ, వాళ్లలో చాలామంది ఇప్పటి మాలి ప్రాంతం వాళ్లు. మోతకూలీల పేర్లయితే ఎవరూ రాసుకోలేదు.

అపోహ: ఆవిరి పడవని అడవిలోంచి ఏకమొత్తంగా ఈడ్చి, దాని మీదే ఫషోడా చేరారు.

వాస్తవం: రెండు ముక్కలూ తప్పే.

'ఫెదెర్బ్' అనే ఆ పడవ కాంగో పరీవాహకంలో తిరిగేది. ఉబాంగి, ఎంబోము నదుల మీద వీలైనంత పైకి తెచ్చారు. అక్కడితో కాంగో వైపు నీళ్లు అయిపోయాయి. మిట్ట దాటితేనే నైలు వైపు పారే సుయె నది. మధ్యలో సుమారు 160 కిలోమీటర్ల నేల. పడవని విప్పేశారు. రివెట్లు ఊడదీస్తే రేకులు విడతాయి, ఇంజను భాగాలు విడతాయి, వాటిని మనుషులు మోయగలరు. బాయిలర్ మాత్రం ముక్కలు కాదు. అది రావాలంటే చెట్లు కొట్టి వెడల్పు బాట వెయ్యాలి, అడ్డంగా దుంగలు పరిచి దొర్లించాలి, వెనక మిగిలిన దుంగలు తీసి మళ్లీ ముందు వెయ్యాలి. వాలు దగ్గర తాళ్లతో వెనక్కి బిగబట్టకపోతే కిందున్నవాళ్ల మీదికి పోతుంది. అవతల చేరాక రేకులన్నీ మళ్లీ రివెట్లు కొట్టి, నీళ్లు కారకుండా బిగించుకోవాలి.

ఇంత చేసినా సుయెలో నీళ్లు లేవు. 1897 చివరికి వావు దగ్గర 'ఫోర్ డెజే' అనే కోట కట్టుకుని, వానల కోసం నెలల తరబడి కూర్చున్నారు. ఆ ఖాళీలోనే బరాతియే చిన్న పడవ మీద సుడ్ చిత్తడిలోకి వెళ్లి దారి చూసి వచ్చాడు. అక్కడ మనిషి ఎత్తు దాటే పాపిరస్ తుంగ, తేలే గడ్డి మేటలు. ఇవాళ తెరుచుకున్న కాలువ రేపు మూసుకుపోతుంది, దిగి నడుద్దామంటే కాలు ఆనే నేల ఉండదు.

1898 జూన్ 4న మార్షాన్ మామూలు పడవల మీదే బయల్దేరాడు. ఆవిరి పడవ తేలే లోతు ఇంకా రాలేదు. ఫెదెర్బ్ ఫషోడా చేరింది ఆగస్టు 29న, జెండా ఎగిరిన ఏడు వారాలకి. ఆగస్టు 25న, అప్పట్లో సూడాన్‌ని ఏలుతున్న మహ్దీ అనుచరుల సైన్యం రెండు ఆవిరి పడవల మీద వచ్చి దాడి చేసినప్పుడు అది అక్కడ లేనే లేదు. పాత కోట గోడల చాటు నుంచి సుమారు వందమంది తిరాయర్లు రైఫిళ్లతోనే తిప్పికొట్టారు.

అపోహ: మార్షాన్‌ది తోడులేని ఒంటరి దూకుడు.

వాస్తవం: ఫ్రెంచి పథకంలో తూర్పు నుంచి ఇతియోపియా మీదుగా వచ్చే బృందం కూడా ఉంది. ఆ వైపు నుంచి వచ్చిన చిన్న దళం 1898 జూన్ 22న సోబాత్ నది నైలులో కలిసే చోటికి చేరింది. ఎవరూ కనబడక, జ్వరాలతో వెనక్కి మళ్లింది. మార్షాన్ 18 రోజులు ఆలస్యం. సుయెలో వాన నీళ్లు మూడు వారాల ముందు వచ్చుంటే కథ ఇంకోలా ఉండేది.

అపోహ: బ్రిటిష్ సేనాని కిచెనర్ వచ్చి బ్రిటిష్ జెండా పాతి, మార్షాన్‌ని తరిమేశాడు.

వాస్తవం: సెప్టెంబర్ 19న కిచెనర్ ఐదు ఆవిరి ఓడలతో, సుమారు 1,500 మందితో వచ్చాడు. (ఇతనే తర్వాత 1902–09లో మన దేశంలో బ్రిటిష్ ఇండియా సైన్యానికి సర్వసేనాని.) అప్పట్లో బ్రిటిష్ వారి అదుపులో ఉన్న ఈజిప్టుకి సేనాధిపతి హోదాలో ఈజిప్టు యూనిఫాం వేసుకుని, ఫ్రెంచి భాషలోనే మాట్లాడాడు. అక్కడ ఎగరేసింది ఈజిప్టు జెండా. మార్షాన్ తన జెండా దించనన్నాడు. కిచెనర్ దించమని బలవంతం చెయ్యలేదు. కోటకి దక్షిణాన ఈజిప్టు జెండా నిలిపి, ఒక సూడాన్ పటాలాన్ని కాపలా పెట్టి, తిరిగి వెళ్లిపోయాడు. ఇద్దరూ సంగతిని తమ ప్రభుత్వాలకే వదిలేశారు.

తేలింది పారిస్‌లో. డ్రైఫస్ వ్యవహారంలో (ఒక యూదు సైనికాధికారి మీద మోపిన తప్పుడు దేశద్రోహం కేసు) దేశం రెండుగా చీలి ఉంది. అక్టోబర్ 25న మంత్రివర్గం కూలింది. నౌకాబలంలో బ్రిటన్‌తో పోటీ లేదు, మిత్రదేశం రష్యా ముందుకు రాలేదు. నవంబర్ మొదటి వారంలో విదేశాంగ మంత్రి డెల్కాసే ఖాళీ చెయ్యమన్నాడు. డిసెంబర్ 11న బయల్దేరిన మార్షాన్, దగ్గర దారైన బ్రిటిష్ వారి నైలుని కాదని సోబాత్, బారో నదుల మీదుగా ఇతియోపియాకి ఎక్కి, 1899 మేలో జిబూటీ చేరాడు. ఫెదెర్బ్‌ని బారోలో ఇక ముందుకి సాగని చోట వదిలేశారు.

అపోహ: ఆ తర్వాత అతని జీవితం ముగిసినట్టే.

వాస్తవం: చైనాలో బాక్సర్ల తిరుగుబాటు అణచడానికి వెళ్లాడు, 1904లో సైన్యం వదిలాడు, మొదటి ప్రపంచయుద్ధంలో తిరిగొచ్చి జనరల్‌గా ఒక డివిజన్‌ని నడిపించాడు. 1915 సెప్టెంబర్‌లో షాంపేన్ దాడిలో తీవ్రంగా గాయపడ్డాడు.

అపోహ: ఫషోడా వల్ల ఏమీ మిగల్లేదు.

వాస్తవం: 1899 మార్చి 21న రెండు దేశాలూ కాంగో, నైలు నదుల మధ్య మిట్టనే హద్దుగా ఒప్పుకున్నాయి. బాయిలర్‌ని దొర్లించుకుంటూ దాటింది ఈ మిట్టనే. మధ్యాఫ్రికా రిపబ్లిక్‌కీ దక్షిణ సూడాన్‌కీ సరిహద్దు ఇప్పటికీ దాని వెంబడే పోతోంది. హద్దుకి రెండు వైపులా ఒకే జాండే భాష మాట్లాడే జనం ఉన్నారు. వాళ్లని అడిగి గీసిన గీత కాదది.