సాక్షి దొరకని ఊళ్లు

2025 అక్టోబరులో వారం తిరగకముందే జరిగిన ఇద్దరు మావోయిస్టు అగ్రనేతల లొంగుబాట్లు ఉత్తర తెలంగాణలో చర్చకు వచ్చాయి. పెద్దపల్లి వాడైన మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో, ములుగు జిల్లాకు చెందిన తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో ఆయుధాలు అప్పగించారు. అంతకు ఐదు నెలల ముందు, ఒకప్పుడు వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ)లో చదివిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో బలగాల కాల్పుల్లో చనిపోయారు. అడవిలో తుపాకీ దిగిపోతే ఊళ్లో భయం కూడా దిగిపోతుందని చాలామంది నమ్మకం.

చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఇక్కడ భయం తుపాకీతో మొదలవలేదు. ఎనభై ఏళ్లలో పెత్తనం చేసినవాళ్లు మారారు, జెండాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. మారనిది ఒక్కటే: నలుగురు చూస్తుండగా కొట్టడం, ఆ నలుగురిలో ఒక్కరూ చెప్పకుండా చూసుకోవడం.

నిజాం కాలంలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం అరవై ఊళ్ల దాకా సాగింది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఆ ఊళ్లు అప్పట్లో నల్లగొండ జిల్లా కింద ఉండేవి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వెట్టి వారికి రాసిపెట్టినట్టే ఉండేది. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనడం మర్యాద అని బయటివాళ్లు అనుకోవచ్చు, అనకపోతే ఏమవుతుందో ఊళ్లోవాళ్లకు తెలుసు. దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు చేయాలంటే ఎవరి దగ్గరికి పోవాలి? ఊళ్లో శాంతిభద్రతలు చూసేది పోలీసు పటేల్. లెక్కలు రాసేది పట్వారీ. రెండూ వంశపారంపర్య ఉద్యోగాలే, ఇద్దరూ దొర మనుషులే. ఆ ఊళ్లలో నేరాలు లేకపోలేదు, నేరం రాసే చెయ్యి లేదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేనులో పండిన పంటను విసునూరు మనుషులు ఎత్తుకెళ్లబోయినప్పుడు ఆంధ్ర మహాసభ (సంఘం) వాళ్లు గుంపుగా వచ్చి నిలబడ్డారు. పంట ఆమె ఇంటికే చేరింది. దొర బలం తగ్గి కాదు, చూసినవాళ్లు తలలు తిప్పుకోలేదు గనుక. 1946 జులై 4న కడవెండిలో దొర గడి (కోట లాంటి ఇల్లు) ముందు నుంచి పోతున్న ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఎప్పటి లెక్క ప్రకారమైతే జనం ఇళ్లకు పారిపోయి తలుపులు వేసుకోవాలి. ఆ రోజు గడిని చుట్టుముట్టారు. సాయుధ పోరాటానికి అక్కడి నుంచే ఊపు వచ్చిందని చరిత్రకారులు రాస్తారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం, చూసినవాళ్లు చూశామని ఒప్పుకున్న మొదటి రోజుల్లో అదొకటి.

ఆ తెగువ ఎంతో కాలం నిలవలేదు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చినవాళ్ల మీద కాల్పులు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊచకోత. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల తర్వాత భారత సైన్యం వచ్చింది. గడీలు వదిలి పట్నం పోయిన దొరలు చాలామంది సైన్యం వెనకే తిరిగొచ్చారు. 1951లో పోరాటం విరమించారు.

మళ్లీ కదలిక జగిత్యాల, సిరిసిల్లలో. 1978లో రైతు కూలీ సంఘాలు భయాన్ని తిరగేసి వాడాయి. దొర ఇంట్లో బట్టలు ఉతకొద్దు, గడ్డం గీయొద్దు, పనికి పోవద్దు. ఈ సాంఘిక బహిష్కరణతో కొందరు దొరలు ఊళ్లు వదిలారు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అందుకు వాడింది 1948 నాటి మద్రాసు చట్టం. నిషేధాజ్ఞలు దాటి ఐదుగురు గుమిగూడితే కాల్చే అధికారం ఎస్‌ఐ స్థాయి అధికారికి ఇస్తుందది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది, హక్కుల సంఘాల లెక్క దానికి కొన్ని రెట్లు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఏప్రిల్ 20 వస్తే అక్కడ నిషేధాజ్ఞలే. చచ్చినవాళ్లకు దండం పెట్టడానికి కూడా పోలీసుల అనుమతి కావాలి.

వరంగల్ నగరానికి ఈ భయం పూర్తిగా అర్థమైంది 1985 సెప్టెంబరులో. 2వ తేదీన కాజీపేటలో ఎస్‌ఐ యాదగిరిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. మర్నాడు పోలీసులు శవయాత్ర తీశారు. ఆ యాత్రలోంచి కొందరు విడివడి డాక్టర్ రామనాథం క్లినిక్‌లోకి చొరబడి ఆయన్ని కాల్చారు. రామనాథం పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. జ్వరంతో ఉన్న పిల్లల్ని ఎత్తుకొని తల్లులు వచ్చే చోటది. పట్టపగలు, నడివీధి పక్కన, పోలీసు ఉన్నతాధికారులున్న ఊరేగింపు సాగుతుండగా జరిగిన ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. మరుసటి ఏడాది కరీంనగర్ జిల్లాలో జాప లక్ష్మారెడ్డి, 1991లో హన్మకొండలో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి. ముగ్గురూ సాక్ష్యాలు పోగుచేసే సంఘంలో పనిచేసినవాళ్లే. వాళ్లనే ఎంచుకోవడం యాదృచ్ఛికం అనుకోలేను.

ఎన్‌కౌంటర్ కాగితాల్లో సాక్షికి చోటే ఉండదు. చనిపోయినవాడే పోలీసుల మీద హత్యాయత్నం చేశాడని ఎఫ్‌ఐఆర్ రాస్తారు. ఫిర్యాదిదారు పోలీసు, సాక్షులు పోలీసులు, దర్యాప్తు పోలీసులది, నిందితుడు శవం. నిందితుడు మరణించాడు కనుక కేసు మూత. రాష్ట్రంలోని ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదులతోనే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో మార్గదర్శకాలు పంపింది. కాల్చిన పోలీసుల మీదా కేసు పెట్టాల్సిందేనని 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది.

ఇదంతా ఒక పక్క. రెండో పక్క మాట్లాడకుండా ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అది అన్యాయం. పగలు పోలీసులు, రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చే ఊళ్లలో ఎవరికి మంచినీళ్లు ఇచ్చినా తప్పే. ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడితే విచారణ ఉండదు, ఉన్నా ప్రజాకోర్టులో చేతులెత్తని వాడు మరుసటి అనుమానితుడు. శవం మీద ఒక చీటీ, అంతే. 1999 ఏప్రిల్‌లో మంథని ప్రాంతంలో మాజీ స్పీకర్ శ్రీపాదరావును చంపింది నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్. ఆయన పేరు పత్రికల్లో వచ్చింది. పేరు లేని కూలీలు, చిన్న రైతులు, మాజీ దళ సభ్యుల గురించి వాళ్ల ఊరు కూడా గట్టిగా మాట్లాడలేదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన కె. బాలగోపాల్ ఈ రెండో భయాన్ని కూడా భయమనే అన్నారు. ఆ విభేదంతోనే పౌరహక్కుల సంఘం వదిలారు, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. అప్పట్లో ఆయన్ని తిట్టినవాళ్లు తక్కువేం కాదు.

ఆ తర్వాత వచ్చిన మలుపు మరీ విచిత్రం. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులకే ముగ్గురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. నగరం పోలీసులకు పూలదండలు వేసింది. ఎన్‌కౌంటర్ అంటే వణికిన ఊరు 23 ఏళ్లు తిరిగేసరికి దాన్ని పండగ చేసుకుంది. ఆడపిల్లల తల్లిదండ్రుల భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేయలేం. కాని కోర్టులో సాక్ష్యం నిలవదన్న అనుమానం లేకపోతే ఆ దండలు పడేవి కావు. 2019లో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితుల విషయంలో అదే జరిగింది, అవే పూలు. పోలీసులు చెప్పింది కట్టుకథ అని, పది మంది పోలీసులను విచారించాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. 2022లో సుప్రీంకోర్టు వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

దొర లేడు, దళం లేదు, ఊరు మాత్రం ఇంకా భయపడుతూనే ఉంది. బర్రె చస్తే, బిడ్డకు జ్వరం తగ్గకపోతే మంత్రాల అనుమానం ఎవరి మీదికో పోతుంది. ఎక్కువగా ఒంటరి ముసలివాళ్ల మీదికి, భూమి తగాదా ఉన్నవాళ్ల మీదికి. మంత్రం పలకకుండా నోట్లో పండ్లు రాలగొట్టిన సంఘటనలు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో కొత్త కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను ఈ నెపంతో చంపింది కులసంఘం సమావేశంలో, మంది మధ్యలో. మహారాష్ట్రలో 2013 నాటి, కర్ణాటకలో 2017 నాటి ప్రత్యేక చట్టాలున్నాయి. మనకు లేదు. చట్టం తెచ్చినా అసలు చిక్కు విడిపోతుందని నాకు నమ్మకం లేదు. చంపినవాళ్లు, చూసినవాళ్లు, చచ్చినవాళ్ల కుటుంబం ఒకే బావి నీళ్లు తాగాలి.

సాక్షులకు రక్షణ పథకం ఉంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని చట్టంతో సమానంగా అమలు చేయమంది. కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రతి రాష్ట్రం తన పథకాన్ని ప్రకటించాలంటోంది. దరఖాస్తు పెట్టుకుంటే జిల్లా జడ్జి నేతృత్వంలోని అధికార సంఘం చూస్తుంది. ప్రమాదం ఎంతుందో నివేదిక ఇచ్చేది స్థానిక పోలీసు సబ్ డివిజన్ అధికారి. సాక్ష్యం పోలీసుల మీదే అయితే ఆ నివేదిక ఎవరు రాయాలన్నది జనగామ రైతు 1940లలో అడిగిన ప్రశ్నే. రక్షణ ఒక్కో విడతకు మూడు నెలలు మించదు. సెషన్స్ కేసులు మన దగ్గర మూడు నెలల్లో తేలవు, సాక్షి అదే వాడలో ఉండాల్సింది జీవితాంతం.