యాపిల్ అంటు: ఆ సన్నని పచ్చ గీత దగ్గర ఏం జరుగుతుంది?

న్యూజెర్సీలో ఉండే ఒక పాఠకురాలు అడిగారు: "మా అబ్బాయి హనీక్రిస్ప్ యాపిల్ తిని గింజలు కుండీలో పెడితే రెండు మొలిచాయి. పెరట్లో నాటితే అదే యాపిల్ కాస్తుందా? ఎన్నేళ్లు పడుతుంది?"

చెట్టు కాస్తుందండీ, ఆరేళ్లకో పదేళ్లకో. కానీ కాసేది హనీక్రిస్ప్ కాదు. యాపిల్ పువ్వు సొంత పుప్పొడిని దాదాపుగా ఒప్పుకోదు. పుప్పొడి రేణువు నుంచి సాగే నాళం పువ్వులోని కీలం అనే సన్నని కాడలోకి దిగుతున్నప్పుడు అది తన రకానిదేనని గుర్తుపట్టి, ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఒక ఎంజైముతో అక్కడే ఆపేస్తుంది. అందుకే దాదాపు ప్రతి గింజకూ తండ్రి చెట్టు వేరే రకం అయివుంటుంది, ప్రతి మొలకా ఒక కొత్త రకమే. అందులో మంచిది దొరకడం చాలా అరుదు. మినెసోటా విశ్వవిద్యాలయంలో హనీక్రిస్ప్ కోసం సంకరం చేసింది 1960లో, రైతుల చేతికి వచ్చింది 1991లో. ఇంగ్లండులోని సౌత్‌వెల్‌లో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే అమ్మాయి నాటిన గింజల్లో ఒకటి అద్భుతమైన వంట యాపిల్ అయింది, దాని పేరు బ్రామ్లీ. ఇప్పుడు ప్రపంచంలో ఉన్న బ్రామ్లీ చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే, తరతరాలుగా వేరే వేళ్ల మీద బతుకుతూ వస్తున్నాయి. మీ కుండీలో మొలకలు వృథా కావు, వాటి వేళ్లు పనికొస్తాయి. వాటి మీద హనీక్రిస్ప్ పుల్ల అంటు కట్టుకోండి. ఆ రకం పేటెంటు గడువు 2008లోనే తీరిపోయింది కాబట్టి అమెరికాలో చట్టం అడ్డు కూడా లేదు.

కత్తి ఎలా పట్టుకోవాలి, టేపు ఎలా చుట్టాలి అనేది వీడియోల్లో నా కంటే బాగా చూపిస్తారు. నాకు ఆసక్తి అంతా ఆ టేపు కింద జరిగే పని మీదే. అది అర్థమైతే నియమాలేవీ బట్టీ పట్టక్కర్లేదు.

పెన్సిలంత లావు యాపిల్ పుల్లను ఏటవాలుగా కోసి చూడండి. బయట బెరడు, లోపల తెల్లని కట్టె, ఆ రెండింటి మధ్య లేత పచ్చగా ఒక గీత కనిపిస్తుంది. ఆ గీతలోనే కేంబియం ఉంటుంది. కొద్ది కణాల మందం, మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కాండం లావెక్కేది ఈ పొర వల్లే. లోపలి వైపు దారువును, అంటే నీళ్లు మోసే కట్టెను తయారుచేస్తుంది, బయటి వైపు చక్కెర మోసే పోషక కణజాలాన్ని. కట్టె చాలావరకు చచ్చిన కణాలే, దానికి కట్టె ఆనిస్తే ఎన్నేళ్లయినా అతుక్కోదు. అంటు కట్టడమంటే ఈ గీతను ఆ గీతకు ఆనించడమే.

కోసిన వెంటనే పైపై కణాలు చచ్చిపోతాయి. వాటి వెనక ఉన్నవి గాయాన్ని పసిగట్టి వేగంగా విభజన చెందుతూ, కాలస్ అనే మెత్తని ముద్దను రెండు వైపుల నుంచీ తోస్తాయి. రెండు ముద్దలూ కలిసిన చోట కణాల గోడల మధ్య పెక్టిన్ బంకలా పనిచేస్తుంది, ఆ తర్వాత గోడల్లో సూక్ష్మమైన రంధ్రాలు పడి ఇటు కణాలు, అటు కణాలు సరుకు మార్చుకోవడం మొదలవుతుంది. ఇంతవరకూ అది ఉత్త ముద్దే, అందులో నీళ్లు, చక్కెర మోసే గొట్టాలు లేవు. మరి ఎక్కడ గొట్టం కట్టాలో ఆ కణాలకు ఎవరు చెబుతారు?

ఆక్సిన్ అనే హార్మోను చెబుతుంది. పుల్ల మీది మొగ్గల్లో, లేత ఆకుల్లో ఇది తయారై కిందికి పారుతుంది. కొత్తగా పోసిన మట్టి దిబ్బ మీద వాన పడిందనుకోండి. మొదట నీళ్లు అంతటా పలచగా పరుచుకుంటాయి. ఎక్కడో ఒకచోట కాస్త పల్లం దొరుకుతుంది, అటు కొంచెం ఎక్కువ పారుతుంది, పారినకొద్దీ అక్కడ మట్టి కోసుకుపోయి పల్లం లోతవుతుంది, లోతయ్యేకొద్దీ ఇంకా నీళ్లు అటే వస్తాయి, చివరికి ఒక కాలువ తేలి చుట్టుపక్కల ఆరిపోతుంది. ఆక్సిన్ కూడా అచ్చం అలాగే దారి చేసుకుంటుంది. దాన్ని బయటికి పంపే పిన్ అనే ప్రొటీన్లు కణంలో అది ఎటు పారుతోందో ఆ గోడకే చేరతాయి, దాంతో ప్రవాహం అటే పెరుగుతుంది, పెరిగిన ప్రవాహం ఇంకా ప్రొటీన్లను అటే చేరుస్తుంది. అలా తేలిన వరసలోని కణాలే కేంబియంగా, ఆ తర్వాత దారువుగా, పోషక కణజాలంగా మారతాయి. కాలువకు దారి పెట్టింది నీళ్లే అయినట్టు, గొట్టానికి దారి పెట్టింది అందులో పారిన సంకేతమే.

ఇక నియమాలన్నీ ఈ దిబ్బ మీదే చూసుకోవచ్చు. పుల్ల తలకిందులుగా పెడితే? నీళ్లను ఎత్తుకు పారమన్నట్టే, ఎందుకంటే ఆక్సిన్ కొన నుంచి మొదలు వైపుకే వెళ్తుంది. మొగ్గలు ఎండిపోయిన పుల్ల పెడితే? వానే లేదు. కోతలు గరుకుగా ఉండి మధ్యలో సందు మిగిలితే? కాలువ గట్టు దగ్గర తెగిపోయింది. అందుకే కోత మూడు నాలుగు సెంటీమీటర్ల పొడుగున, ఒకే లాగులో, నునుపుగా ఉండాలని చెబుతారు. రెండు పుల్లల్లోనూ చిన్న నాలుక కోసి ఒకదాన్నొకటి పట్టుకునేలా గుచ్చేది కూడా గాలికి కదిలి ఆ లేత దారి తెగకుండా ఉండటానికే. వేరు మొక్క (అంటే కింద వేళ్లతో ఉండే మొక్క) లావుగా, పుల్ల సన్నగా ఉంటే మధ్యలో పెట్టకండి, ఒక పక్కకు జరిపి ఆ పక్క గీతలైనా కలపండి. ఇక్కడ చాలామంది బెరడు అంచుకు బెరడు అంచు కలుపుతారు. లావు మొక్క బెరడు మందంగా ఉంటుంది కాబట్టి బయట అంచులు కలిస్తే లోపల గీతలు తప్పిపోతాయి. పుల్లను కాస్త లోపలికి జరపాలి.

మన ఊళ్లలో "ఫలానా ఆయన హస్తవాసి మంచిది, ఆయన కడితే అంటు బతుకుతుంది" అంటారు. ఆ మనిషి నైపుణ్యం నిజమే, కానీ అది అరచేతి రేఖల్లో లేదు. పదునైన కత్తిలో, గీతను చూసే కంటిలో, కోసిన మరుక్షణం చుట్టేసే వేగంలో ఉంది, ఎవరైనా నేర్చుకోవచ్చు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు ముట్టుకుంటే అంటు మాడిపోతుందనే మాట కూడా విన్నాను. కేంబియానికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు, దయచేసి ఆడపిల్లలకు ఆ మాట చెప్పకండి, కత్తి చేతికివ్వండి. బడిలో కూడా అంటు కట్టడం అంటే ఒక బొమ్మ, రెండు బాణం గుర్తులు, ఒక మార్కు. ఒక్క పుల్ల కోసి ఆ పచ్చ గీత చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. కొబ్బరికి, తాటికి ఎందుకు అంటు కట్టలేమో కూడా వాళ్లే చెబుతారు, వాటిలో కేంబియం లేదు. (వీటిలాంటి ఏకదళ బీజాల్లో పిండం దశలో అంటు కట్టవచ్చని కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు చూపించారు, అది ప్రయోగశాల పని.)

టైమింగ్ సంగతి. కాలస్ ఏర్పడేదాకా పుల్లకు కింద నుంచి నీళ్లు సరిగా అందవు, తనలో దాచుకున్న దానితోనే బతకాలి. ఆకులుంటే ఆ నీళ్లు ఆవిరైపోతాయి, కాబట్టి చలికాలంలో చెట్టు నిద్రలో ఉన్నప్పుడే నిరుడు పెరిగిన పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. అదే ఫ్రిజ్‌లో పండ్లు పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ మొగ్గలను చంపేస్తుంది. మార్చి ఆఖరున, ఏప్రిల్‌లో వేరు మొక్క మొగ్గలు ఉబ్బుతున్నప్పుడు కట్టండి. యాపిల్ కాలస్ 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు కదలదు, 13 నుంచి 20 మధ్య హాయిగా పెరుగుతుంది, 32 దాటితే దెబ్బతింటుంది. పుల్లకు రెండు మూడు మొగ్గలు చాలు, కొసతో సహా మొత్తం పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర చుట్టేయండి, మొగ్గ దాన్ని చీల్చుకుని వస్తుంది. పది పన్నెండు రోజుల్లో ఆకు విచ్చుకుంటే అప్పుడే సంబరపడకండి, అది దాచుకున్న తిండితో వచ్చిన ఆకు కావచ్చు. ఐదారు వారాల తర్వాత కూడా కొమ్మ సాగుతుంటేనే గొట్టాలు కలిసినట్టు. ఈలోగా అంటు కింద వేరు మొక్క నుంచి వచ్చే చిగుళ్లను గిల్లేస్తూ ఉండాలి.

కుండీలో గింజ మొలక మీద కడితే చెట్టు ఎనిమిది పది మీటర్లు పెరుగుతుంది. చిన్న పెరడైతే ఎం9 అనే వేరు మొక్క కొనండి. ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ కేంద్రంలో వర్గీకరించిన పొట్టి రకాల్లో ఇది ప్రసిద్ధం, చెట్టు రెండున్నర, మూడు మీటర్ల దగ్గర ఆగి, రెండు మూడేళ్లకే కాపుకొస్తుంది. వేళ్లు బలహీనం కాబట్టి జీవితాంతం ఊతకర్ర కావాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకూడదు, పూడితే పై రకమే సొంత వేళ్లు వేసి పొట్టి లక్షణం పోతుంది.

హైదరాబాద్, విజయవాడ పాఠకులు ఇదంతా చదివి యాపిల్ వెతుక్కోవద్దు. మామూలు రకాలకు 7 డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు కావాలి. హిమాచల్ రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటి తక్కువ చలి రకాలను మన్యం వైపు, ఆసిఫాబాద్ వైపు పెంచి చూశారు, సరదాకైతే అవి ప్రయత్నించండి. చెయ్యి తిరగాలంటే మాత్రం మామిడే మేలు. కేంబియం అదే, ఆక్సిన్ అదే, కాకపోతే మామిడి యాపిల్‌లా చలికి ఆకు రాల్చి నిద్రపోదు. అందుకే కోయబోయే కొమ్మ ఆకులను వారం పది రోజుల ముందే, కాడ మాత్రం ఉంచి, కత్తిరించేస్తారు. కొస మొగ్గ ఉబ్బుతుంది, కాడలు వాటంతట అవే రాలతాయి, అప్పుడు కోసి వానాకాలపు తేమలో టెంక మొలక మీద కడతారు.