చీకటి పడగానే కెమెరా ఎందుకు పడుకుంటుంది?

బెంగళూరు మారతహళ్ళిలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ప్రశ్న: పార్కింగ్ కెమెరా పగలంతా బాగానే ఉంటుంది, చీకటి పడితే చాలు రీస్టార్ట్ మీద రీస్టార్ట్. రెండుసార్లు కెమెరా మార్చారు. వాచ్‌మన్ నిమ్మకాయ కట్టమంటున్నాడట.

నిమ్మకాయా అక్కర్లేదు, ఇంకో కెమెరా అక్కర్లేదు. ఓమ్ సూత్రం చాలు: తీగలో పోయే వోల్టేజీ = కరెంటు × నిరోధం.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో చవగ్గా దొరికే స్ప్లిటర్ జత (కరెంటుని కేబుల్‌లోకి ఎక్కించే ముక్క ఒకటి, అవతల దించే ముక్క ఒకటి), నెట్‌వర్క్ కేబుల్‌లోని బ్లూ, బ్రౌన్ పెయిర్ల మీదుగా 12 వోల్టులు నేరుగా తోసేస్తుంది. పోనూ రెండు తీగలు, రానూ రెండు. 50 మీటర్ల రాగి కేబుల్‌కి కనెక్టర్లతో కలిపి 5 ఓమ్‌లు వేసుకోండి. పగలు కెమెరాకి 3 వాట్లు కావాలి, అంటే 0.28 ఆంపియర్. దారిలో 1.4 వోల్టులు పోయి 10.6 అందుతాయి. ఫర్వాలేదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలిగితే 7 వాట్లు కావాలి. తిరకాసంతా ఇక్కడే. కెమెరా లోపలి కన్వర్టర్ అడిగేది వాట్లు. వోల్టేజీ తగ్గితే ఆ లోటు పూడ్చుకోడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. లాగినకొద్దీ తీగలో ఇంకా పడిపోతుంది, దాంతో ఇంకా లాగుతుంది. లెక్క కడితే అది సరిగ్గా 1 ఆంపియర్ దగ్గర తేలుతుంది: తీగలో 5 వోల్టులు, కెమెరాకి 7. ఆ ఏడుతో కెమెరా నిలబడలేదు. అది ఆరగానే తీగలో వోల్టేజీ మళ్ళీ 12. బూట్ అవుతుంది, చీకటి చూసి ఎల్ఈడీలు వేస్తుంది, మళ్ళీ పడుతుంది. తెల్లవార్లూ ఇదే పని.

ఆ తీగ చివర ఏం చేసినా 7.2 వాట్లకి మించి రావు: 12 వర్గాన్ని, నిరోధానికి నాలుగు రెట్లతో భాగించి చూడండి. రాగిపూత అల్యూమినియం కేబుల్ అయితే నిరోధం దాదాపు 8 ఓమ్‌లు, గరిష్ఠం 4.5 వాట్లే. తీగను బ్లేడుతో గీకండి, లోపల వెండిలా మెరిస్తే అదే.

అదే తీగలో 48 వోల్టులు పంపితే 7 వాట్లకి 0.15 ఆంపియర్ చాలు. తీగలో వృథా 5 వాట్ల నుంచి 0.11కి దిగుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతికి (పవర్ ఓవర్ ఈథర్నెట్, పీఓఈ) 2003లో వచ్చిన 802.3 ఏఎఫ్ ప్రమాణం ఈ దారే పట్టింది. అందులో పరికరానికి అందే గరిష్ఠం 12.95 వాట్లన్న వింత అంకె కూడా ఓమ్ సూత్రం బిడ్డే. పవర్ పంపే నెట్‌వర్క్ స్విచ్ దగ్గర కనీసం 44 వోల్టులు, 0.35 ఆంపియర్: 15.4 వాట్లు. పాత కేటగిరీ 3 కేబుల్‌ని దృష్టిలో పెట్టుకుని 20 ఓమ్‌లు వేస్తే, 0.35 × 0.35 × 20, అంటే 2.45 దారిఖర్చు. మిగిలింది 12.95. బల్బు, బ్యాటరీ బొమ్మలకి బదులు పదో తరగతిలో ఈ లెక్క ఇవ్వొచ్చు.

మరి 48 వోల్టులు లాప్‌టాప్‌లోకి పోతే? పోవు. స్విచ్ ముందుగా 10 వోల్టుల లోపు రెండు వేర్వేరు వోల్టేజీలు పెట్టి కరెంటు కొలుస్తుంది. వోల్టేజీల తేడాని కరెంటుల తేడాతో భాగిస్తే సుమారు 25 కిలో ఓమ్‌లు రావాలి (ఈ ప్రమాణం పాటించే పరికరాల గుర్తు అది), వస్తేనే పవర్. రెండుసార్లు ఎందుకంటే, కెమెరా గుమ్మంలో ఉన్న డయోడ్లు కొంత వోల్టేజీ మింగుతాయి, తీసివేతలో అది కొట్టుకుపోతుంది. చవక స్ప్లిటర్‌కి ఈ మర్యాదలేం తెలియవు, ఏది తగిలిస్తే దానికి ఇచ్చేస్తుంది.

కాబట్టి ఇటు పీఓఈ స్విచ్, అటు 48ని 12కి దించే యాక్టివ్ స్ప్లిటర్ పెట్టించండి, దాని మీద 802.3 ఏఎఫ్ అని ఉండాలి. కొనేముందు ఒకసారి మీటరు పెట్టండి, కానీ రాత్రిపూట, కెమెరా తగిలించి ఉండగానే. పగలు కెమెరా పీకేసి కొలిస్తే నిక్షేపంగా 12 చూపిస్తుంది. రెండు కెమెరాలు అనవసరంగా మారింది బహుశా ఆ రీడింగ్ చూసే.